ఇంటివాళ్ళకే చెప్పాల్సిన మాట

ఇల్లు ఖాళీ చేస్తున్నామని నేను మొదట చెప్పింది మావయ్యకి. ఆయన నాకు నిజంగా మావయ్య కాదు. విజయనగరంలో మాకు ఆ పై వాటా చూపించిన బ్రోకరు. మూడేళ్ళ కిందట ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజున, మా ముందు మెట్లెక్కుతూ అమ్మని "ఏ ఊరప్పా మీది?" అని అడిగారు. నౌపడ దగ్గర అంది అమ్మ. "మా అత్తోరిది టెక్కలి, మీకు పక్కే" అన్నారాయన. అంతే. ఆ మెట్ల మీదే అమ్మ ఆయనకి అప్ప, అంటే అక్క అయిపోయింది, ఆయన నాకు మావయ్య అయిపోయారు. ఒక నెల అద్దె కమిషనుగా తీసుకునేటప్పుడు కూడా "నీ దగ్గర తీసుకోడానికి నాకు సెయ్యి రావట్లేదప్పా, ఏటి సేస్తాం, ఇది పద్ధతి" అన్నారు. చెయ్యి వచ్చింది.

ఇంటివాళ్ళు సాలూరులో ఉంటారు. లారీలున్నవాళ్ళు. ఆ ఇల్లు వాళ్ళ పెద్దవాళ్ళెవరో కట్టించినదట. కింద వాటాలో వాళ్ళ సామాను పెట్టి తాళం వేసుకుని, పైది అద్దెకిస్తారు. మేమున్న మూడేళ్ళలో వాళ్ళని చూసింది లేదు. అద్దె మావయ్యే వచ్చి తీసుకెళ్ళేవారు. కుళాయి కారితే మావయ్యకి చెప్పేవాళ్ళం. మోటారు పాడైతే మావయ్యకి. అగ్రిమెంటు కాగితం మీద సంతకం చేయించుకుని సాలూరు పట్టుకెళ్ళి, వాళ్ళ సంతకంతో మాకు తెచ్చిచ్చింది కూడా ఆయనే.

నాకు అది హాయిగానే ఉండేది. ముఖం తెలియనివాళ్ళతో ఫోనులో మాట్లాడాలంటే నాకు భయం, ముందు రోజే మాటలు కాగితం మీద రాసుకుంటాను. నేను చేసేది కూడా ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఉద్యోగమే. ఒక రక్తపరీక్షల ల్యాబులో వెనక గదిలో కూర్చుని రిపోర్టులు టైపు చేస్తాను. ఎవరి రక్తంలో చక్కెర ఎంతుందో నాకు తెలుస్తుంది, వాళ్ళ ముఖం తెలియదు. ఇంటికొచ్చాక వండటం, చదువుకోవడం, పడుకునే ముందు డైరీలో నాలుగు ముక్కలు రాసుకోవడం. నా తరఫున లోకంతో మాట్లాడే మనిషి ఒకరు దొరికారనుకున్నాను. ఆ మనిషికి కమిషను ఇచ్చాం కదా అని కూడా అనుకున్నాను.

ఆ ఇంటి మెట్లు బయట నుంచి ఉండేవి. నిటారుగా, ఒక పక్కే రెయిలింగు. అమ్మ చాలా ఏళ్ళు మా ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్నం వంట చేసింది. పొయ్యి ముందు గొంతుకూర్చుని, లేచి, పెద్ద గిన్నెలు దింపి, మళ్ళీ కూర్చుని మోకాళ్ళు అరగదీసుకుంది. వైద్యం కోసం నా దగ్గరికి వచ్చేసింది కానీ, నా జీతానికి దొరికింది పై వాటా. మొదటి ఏడాది మామూలుగానే ఎక్కి దిగేది. తర్వాత పక్కకి తిరిగి, రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. "పీతలాగ దిగుతన్నాను సూడే" అనేది. మొదట్లో ఇద్దరం నవ్వేవాళ్ళం. మూడో ఏడాదికి దిగడమే మానేసింది. కూరగాయల బండి వస్తే బుట్టకి తాడు కట్టి పై నుంచి వదిలేది.

ఎండాకాలం మొదట్లో పెద్ద డాక్టరుకి చూపించాం. ఆపరేషను చేయాలన్నారు. తేదీ ఇస్తూ, ఇల్లు ఎలాంటిదని అడిగారు. చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆపరేషను చేసి పంపిస్తే ఈవిడ ఆ మెట్లు ఎక్కుతారా? ఎక్కించినా మళ్ళీ దిగరు. ముందు కింద ఇల్లు చూసుకోండి. లేకపోతే ఈ తేదీ ఇంకొకరికి ఇచ్చేస్తాను. తర్వాతి తేదీ ఎప్పుడంటే నేను చెప్పలేను." ఆయన ఇచ్చిన తేదీ ఆషాఢం మధ్యలో పడింది.

బయటికొచ్చాక అమ్మ లెక్క వేసింది. ఆషాఢంలో కోయించుకోవడానికి అమ్మకి అభ్యంతరం లేదు. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి మాత్రం ఉంది. "ఆపరేషను డాక్టరు సేస్తాడు, ఆడి ముహూర్తం ఆడిది. గుమ్మంలోకి అడుగెట్టేది నానే కదా" అంది. నేను వాదించలేదు. వాదించే ఓపిక ఆస్పత్రి వరసల్లోనే అయిపోతుంది.

ఇల్లు మాత్రం తొందరగానే దొరికింది. ల్యాబు నుంచి నడిచి వచ్చే దారిలో, రెండు వీధుల అవతల, గేటుకి అట్టముక్క మీద 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని చేత్తో రాసి ఉంది. రిటైరైన మాస్టారిది. పెరటి వైపు రెండు గదులు, ముందు చిన్న గుమ్మం, అంతే. గుమ్మం అవతల నేలా ఇవతల నేలా ఒకే ఎత్తు. నేను ఆ గుమ్మం అటూ ఇటూ రెండుసార్లు దాటి చూశాను. మాస్టారు నవ్వారు. బ్రోకరు లేడు, కమిషను లేదు. "ఆషాఢం రాకముందే పాలు పొంగించుకోండమ్మా. ఆ తర్వాత నేను ఆపలేను, అడిగేవాళ్ళున్నారు" అన్నారు.

ఆ నెల అద్దెకి మావయ్య వచ్చినప్పుడు చెప్పాను. తలుపు దగ్గర నిలబడి, పాదాలు చూసుకుంటూ చెప్పాను. అమ్మకి ఆపరేషనని, కింద ఇల్లు దొరికిందని, ఆషాఢం లోపు ఖాళీ చేస్తామని. ఆయన తల ఊపారు. "అలాగేలే. సాలూరోల్లతో నాను మాటాడతన్నాను కదా రోజూ. సెప్తాలే" అన్నారు. ఆ రోజు డైరీలో 'చెప్పేశాను' అని ఒక్క మాట రాసి హాయిగా పడుకున్నాను. మా వైపు ఎవరిని అడిగినా ఇంతే. ఇల్లు చూపించిన మనిషికి చెబితే ఇంటివాళ్ళకి చెప్పినట్టే అనుకుంటాం. అందులోనూ ఆయన మావయ్య.

జ్యేష్ఠం సగం దాటాక, తాళం ఏ రోజు ఇమ్మంటారో అడుగుదామని ఫోను చేస్తే ఆయనే వచ్చారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అమ్మ టీ ఇచ్చింది.

"ఏటప్పా అంత తొందర? ఆషాడం వచ్చేస్తన్నాది" అన్నారు.

"అందుకే తమ్ముడూ తొందర" అంది అమ్మ.

"అదే నానూ సెప్తంట. ఆషాడంలో ఎవులైనా కొత్తింట్లోకి వస్తారేటి? రారు. మీరు దిగిపోతే ఇల్లు నెల్లాల్లు కాలీ. ఆ నష్టం ఎవులిస్తారు? కొత్తోల్లని ఎతికి తేవాల, నా తిరుగుడు ఎవులిస్తారు?" టీ ఊదుకుంటూ నెమ్మదిగానే చెప్పారు. శ్రావణం దాకా అద్దె మేమే ఇవ్వాలట. అది కాక, కొత్తవాళ్ళని తెచ్చినందుకు ఆయనకి సగం నెల అద్దె ఇవ్వాలట. లేకపోతే సాలూరువాళ్ళు అడ్వాన్సులో పట్టుకుంటారట.

"సాలూరువాళ్ళు అలా అన్నారా మావయ్యా?" అని అడిగాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఆల్లకింకా సెప్పలేదమ్మా. సెప్తే కోపం వస్తాది. మీ మంచికే సెప్పలేదు."

వీధిలో కూరగాయల బండివాడి కేక వినబడింది. అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. "తమ్ముడూ, నా మోకాల్లు నీకు కనబడతన్నాయా?" అంది.

"కనబడతన్నాయప్పా. అందుకే సగం అడుగుతన్నాను. ఇంకోల్లయితే పూర్తిగా అడుగుదును."

ఆయన వెళ్ళిపోయాక ట్రంకుపెట్టెలో అమ్మ ఎక్స్‌రేల కింద ఉన్న అగ్రిమెంటు తీసి చదివాను. నేను పుస్తకాలు చదువుకునే మనిషినే కానీ, మేము ఏడాదికోసారి చొప్పున మూడుసార్లు సంతకం పెట్టిన ఆ కాగితాన్ని పూర్తిగా చదవడం అదే మొదటిసారి. అద్దెకున్నవారు ఖాళీ చేయదలచుకుంటే ఒక నెల ముందుగా యజమానికి తెలియజేయాలి. యజమాని ఖాళీ చేయించదలచుకున్నా అంతే, ఒక నెల. వెళ్ళేటప్పుడు సున్నాలకి కొంత మినహాయించుకుని అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి. అంతకు మించి ఏమీ లేదు. ఆషాఢం లేదు. కొత్తవాళ్ళని తెచ్చే ఖర్చు లేదు. కమిషను అన్న మాట ఎక్కడా లేదు. ఆ కాగితం ప్రకారం నేను మావయ్యకి రూపాయి బాకీ లేను. కానీ ఆ కాగితం ప్రకారమే నేను ఇంతవరకూ ఎవరికీ ఏమీ చెప్పలేదు కూడా. యజమాని అంటే యజమానే.

వాళ్ళ ఫోను నంబరు మా దగ్గర లేదు. మావయ్యని అడిగితే ఇవ్వరు. కాగితంలో వీధి పేరు ఉంది. "ఎల్లి రావే" అంది అమ్మ. నేను కాగితం మడతపెట్టాను. "నాను ఎల్లగలిగితే నానే ఎల్లిపోదును" అంది మళ్ళీ, గోడ వైపు తిరిగి.

అమావాస్యకి ముందు ఆదివారం సాలూరు బస్సెక్కాను. కిటికీ పక్క సీటు, ఎండ మొత్తం నా మీదే. గజపతినగరం దాకా, చెప్పాల్సిన వాక్యం మనసులో కట్టుకున్నాను. 'మా అమ్మ అనారోగ్యం దృష్ట్యా మేము ఇల్లు ఖాళీ చేయదలిచాము.' రామభద్రపురం వచ్చేసరికి అందులో 'దృష్ట్యా' తీసేశాను. సాలూరులో దిగేసరికి ఏమీ మిగల్లేదు.

ఆ ఊళ్ళో ఎటు చూసినా లారీలే. కొన్ని చెక్క బాడీ లేకుండా, కొన్ని చక్రాలు లేకుండా, కొన్ని కొత్త రంగుతో పెళ్ళికి తయారైనట్టు. గ్రీజు వాసన, పెయింటు వాసన. వీధి పేరు చెప్పి ముగ్గురిని అడగాల్సి వచ్చింది. నా లెక్కలో అది చాలా ఎక్కువ.

ఇల్లు లారీల షెడ్డు వెనక ఉంది. వరండాలో ఒక పెద్దావిడ చాప మీద కూర్చుని చింతపండుకి పిక్కలు తీస్తోంది. చుట్టూ ఏడాదికి సరిపడా చింతపండు. నన్ను కింది నుంచి పైకి చూసింది.

"ఎవులే నువ్వు?"

"విజయనగరంలో మీ పై వాటాలో ఉంటామండి."

"పై వాటావోల్లా? అద్దె తెచ్చినావా?"

"లేదండి. అద్దె మావయ్యకి ఇచ్చేశామండి."

"మావయ్యెవులు?"

"బ్రోకరుగారండి."

ఆవిడ చింతపండు చెయ్యి గాల్లోనే ఆపి పెద్దగా నవ్వింది. లోపలికి తిరిగి, "ఇన్నావేటి? ఆడు ఈ గుంటకి మావయ్యంట!" అని కేకేసింది. లోపల ఎవరో మగాయన ఫోనులో "ఒరే, రాయపూర్ దాటినావా లేదా, అది సెప్పు ముందు" అంటున్నారు, వినిపించుకోలేదు. ఆవిడ నా వైపు తిరిగింది. "నాకు తమ్ముడంట ఆడు. మా ఆయనకి బావ. మా డైవర్లకి బాబాయి. ఈ జిల్లాలో ఆడికి సుట్టం కానోల్లు లేరు. కూకో, నిలబడిపోనావేటి."

కూర్చున్నాను. చేతులు ఏం చేయాలో తెలియక ఒక చింతపండు ముక్క తీసుకుని పిక్క తీశాను. ఆవిడ చూసి ఇంకో గుప్పెడు నా ముందుకి తోసింది. పని దొరికాక నోరు కొంచెం తేలికైంది. చింతపండు చూస్తూ చెప్పాను. అమ్మ మోకాళ్ళు, డాక్టరు, తేదీ, మాస్టారి ఇల్లు, బ్రోకరుకి ముందే చెప్పడం, ఆయన మీకు చెప్పకపోవడం. కట్టుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. ఏవో మామూలు మాటలే వచ్చాయి.

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. "ఒగ్గేస్తన్నారా? ఇంకో ఏడాది ఉంటారు, అద్దె పెంచుదాం అని మొన్నే సెప్పినాడు కదా ఆడు!"

"మాకు తెలీదండి."

"ఉప్పుడు వచ్చి, ఆషాడం ముందర ఒగ్గేస్తానంటే ఎలాగే? ఇల్లు మూతపడిపోదేటి? డబ్బుల కోసం అనుకుంటన్నావేమో. అది మా అత్త కట్టించినిల్లు. సాయంకాలం దీపం లేకుండా ఆ ఇల్లు ఒక్క రోజు లేదు. మేం ఇక్కడికొచ్చేసినా, అద్దెకున్నోల్లు ఎట్టేవోల్లు. సీకటి కొంప సేసీసి ఎల్లిపోతే నాకు నిద్దరట్టదు."

అగ్రిమెంటు నా సంచిలో ఉంది. తీసి చూపించాలనుకున్నాను. ఒక నెల అని అందులో ఉందని, దీపం గురించి లేదని చెప్పాలనుకున్నాను. నా చేతులు జిగటగా ఉన్నాయి. అప్పటికి నాకు చాలా అలసటగా ఉంది. ఆ అలసటలో, అనుకోని మాట వచ్చింది.

"నెల ఈ రోజు నుంచి లెక్క పెట్టండి. కాగితంలో అంతే ఉంది. ఆ నెల అద్దె ఇస్తాం. అమ్మ మాత్రం ఈ వారంలో దిగిపోవాలండి. దీపం నేను రోజూ వచ్చి పెడతాను."

"నువ్వెడతావా?"

"పెడతానండి."

"ఇల్లు తుడిసి మరీ ఎట్టాలి."

"తుడిచి పెడతాను."

ఆవిడ నన్ను మళ్ళీ కింది నుంచి పైకి చూసింది, ఈసారి కొంచెం నెమ్మదిగా. లోపల ఫోను మాట ఆగింది. ఆ మగాయన గుమ్మంలోకి వచ్చి, అంతా విన్నట్టే, "నెలే కదా రాసుకున్నాం. నెలంటే నెలే. సున్నాలకి పట్టుకుని మిగతాది ఇచ్చేద్దాం" అనేసి మళ్ళీ ఎవరికో ఫోను చేసుకుంటూ షెడ్డు వైపు వెళ్ళిపోయారు.

బ్రోకరు అడిగిన సగం అద్దె సంగతి అడిగాను. "ఆడికి నువ్వెందుకే ఇవ్వడం? కొత్తోల్ల దగ్గర తీసుకుంటాడు. నా దగ్గరా తీసుకుంటాడు. మూడో సెయ్యి ఎక్కడ్నించి వచ్చినాది ఆడికి?" అంది ఆవిడ. ఆ మాట మీరే ఆయనకి చెప్తారా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నాను సెప్తే తగువు. రేపు మల్లీ ఆడితోనే పని నాకు. నీ మాట నువ్వే సెప్పుకో."

వచ్చేటప్పుడు నంబరు ఇచ్చింది. ముద్దంత చింతపండు కవర్లో కట్టి అమ్మకివ్వమంది. తిరుగు బస్సులో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాను.

ఆ వారంలోనే మాస్టారింట్లో పాలు పొంగించాం. సామాను ఎక్కువ లేదు, ఒక్క ట్రాలీ ఆటో. కష్టమంతా అమ్మని దింపడమే. రెయిలింగు ఒక పక్కే కాబట్టి రెండో పక్క నేను పట్టుకున్నాను. మూడు మెట్లు దిగేసరికి కింద మావయ్య కనబడ్డారు. స్కూటరు ఆపి, ఆటోలోని మంచం వైపు చూస్తున్నారు.

"నన్ను దాటీసి సాలూరు ఎల్లిపోనారన్నమాట" అన్నారు పైకి చూస్తూ.

అమ్మ ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది. నేనే మాట్లాడాలని నాకు తెలుసు.

"వాళ్ళకే చెప్పాలని కాగితంలో ఉంది మావయ్యా. మీకు ఇవ్వాలని మాత్రం లేదు."

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, ఆయనకి వినబడలేదేమో, మళ్ళీ చెప్పాలేమో అని భయం వేసింది. వినబడింది.

"కాగితంలో మావయ్య కూడా లేడు కదమ్మా" అన్నారాయన. "నీ ఫోన్లో నా పేరు ఏటని ఉన్నాది? మావయ్య అనే కదా? బ్రోకరని ఉందేటి?"

నిజంగా అలాగే ఉంది. మేము మెట్టు మీదే నిలబడిపోయాం. కాసేపటికి ఆయన చెప్పులు కింద విడిచి, మెట్లెక్కి వచ్చి, నన్ను పక్కకి జరగమని అమ్మ చెయ్యి తన భుజం మీద వేసుకున్నారు. "బరువంతా నా మీద ఎయ్యప్పా. నెమ్మదిగా. కుడికాలు ముందు." అమ్మ ఆ మెట్లు ఆయన భుజం మీద ఆనుకుని దిగింది. కింద నేల మీద నిలబడ్డాక, "బతికిపోనాను తమ్ముడూ" అంది. ఆయన చెప్పులేసుకుని, నా వైపు చూడకుండా స్కూటరెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఫోను చేసి, "ఏటమ్మా, ఏటనుకున్నారు?" అని అడిగారు. ఏమీ అనుకోలేదు మావయ్యా అన్నాను. ఆ సగం అద్దె ఇవ్వలేదు. ఇవ్వనందుకు గెలిచినట్టు కూడా అనిపించలేదు.

ఆషాఢం అంతా నేను రెండిళ్ళ మనిషిని. ల్యాబు వదిలాక పాత ఇంటికి వెళ్ళి, మెట్లెక్కి, తాళం తీసి, ఊడ్చి, వంటింటి గూట్లో దీపం పెట్టేదాన్ని. సామాను లేని ఇల్లు కదా, చీపురు చప్పుడు కూడా పెద్దగా వినబడేది. దీపం పెట్టిన కాసేపటికి సాలూరు నుంచి ఫోను. "ఎట్టినావా?" "పెట్టానండి." "మీ అమ్మెలాగున్నాది?" అప్పుడు అమ్మ సంగతి చెప్పేదాన్ని. ఆపరేషను అనుకున్న తేదీకే జరిగింది. ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో కూడా, అమ్మ కొంచెం కునుకు పట్టగానే ఆటో ఎక్కి వెళ్ళి దీపం పెట్టి వచ్చేదాన్ని. ఒకరోజు వాన, కరెంటు లేదు, మెట్ల మీద నీళ్ళు. ఎవరూ లేని ఇంట్లో, ఎవరో కట్టించిన ఇంట్లో, తడిసిన అగ్గిపెట్టెతో నేనేం చేస్తున్నానని గూటి ముందు నిలబడి కాసేపు ఏడ్చాను. పుల్ల వెలిగింది. ఫోను కూడా వచ్చింది.

కొన్ని సాయంత్రాలు మాత్రం బాగుండేవి. అమ్మ దగ్గర మాస్టారి భార్య కూర్చున్న రోజుల్లో, దీపం పెట్టాక కిటికీ కింద నేల మీద కూర్చుని వెలుతురు పోయేదాకా చదువుకునేదాన్ని. అద్దె కట్టిన నెల. తాళం నా దగ్గరే ఉంది. పిలిచేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళలో నాకంటూ ఒక గది ఉండటం అదే.

శ్రావణం వచ్చింది. తాళం ఇచ్చేయడానికి వెళ్ళేసరికి మావయ్య కొత్తవాళ్ళతో అక్కడే ఉన్నారు. నా వయసే ఉంటుంది ఆ అమ్మాయికి. చంకలో పిల్ల, పక్కన భర్త. మాట చాలా మెల్లగా ఉంది. "బాబాయ్, నీళ్ళు ఏ టైముకి వస్తాయి?" అని ఆయన్ని అడుగుతోంది. ఆయన నన్ను చూసి, "ఇదిగో, పాతోల్లు. మా మేనకోడలే" అన్నారు. కోపం ఉన్నట్టు లేదు. లేనట్టూ లేదు.

ఆ అమ్మాయి గూట్లో నూనె మరక చూసి ఏమిటని అడిగింది. దీపం పెట్టేదాన్నని చెప్పాను. తర్వాత, మావయ్య అక్కడే నిలబడి ఉండగా, "ఇంటివాళ్ళది సాలూరు. వాళ్ళ నంబరు ఇస్తాను. కుళాయి అయినా, ఖాళీ చేయడమైనా, వాళ్ళకే చెప్పండి" అన్నాను.

"నానున్నాను కదమ్మా" అన్నారు మావయ్య.

ఆ అమ్మాయి ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. పిల్లని ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది. "ఎందుకులే అక్కా, బాబాయి ఉన్నారు కదా. నాకు తెలియనోళ్ళతో ఫోను మాట్లాడాలంటే బయ్యం" అంది.

వాళ్ళు వరండాలోకి వెళ్ళి ట్యాంకు చూస్తున్నప్పుడు వంటింట్లోకి వెళ్ళాను. సున్నాలకని అడ్వాన్సులో పట్టుకున్నారు గానీ సున్నం వేయించలేదు. ఎప్పటికి వేయిస్తారో తెలియదు. సంచిలోంచి పెన్సిలు తీసి, గూటి పక్కన, నూనె మరకకి కొంచెం పైన, సాలూరు నంబరు రాశాను. దాని కింద 'ఇంటివాళ్ళు' అని రాశాను. తాళం గుమ్మం దగ్గర ఆ అమ్మాయి చేతిలోనే పెట్టాను.

మాస్టారింటికి వచ్చేసరికి అమ్మ వాకరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి వాకరు బయటికి పెట్టి, తను కూడా బయటికి వచ్చింది. మధ్యలో ఆగలేదు.

"ఇచ్చీసినావా?" అంది.

"ఇచ్చేశాను" అన్నాను.